కరుణమ్మ హోమ్, ఎస్తేరు డబ్బా

హస్త కార్తె, మొదటి రోజు

పొద్దున షిఫ్టు దిగినవాళ్ళ డబ్బాలన్నీ కడిగేశాను. కడగడానికి నీళ్ళక్కర్లేదు, ఒక్క కమాండు చాలు. డబ్బా లోపల నడిచిన ప్రోగ్రాము, అది రాసుకున్నది, ముట్టుకున్నది అంతా పోతుంది. దాని చోట ఏమీ ఎరగని కొత్త డబ్బా వచ్చి కూర్చుంటుంది.

సముద్రం మీద తేలే మా మోకులంకలో యంత్రం మీద ఏ పని చేసినా డబ్బాలోనే, అంటే కంప్యూటర్లో విడిగా మూసిపెట్టిన చోటులోనే, చెయ్యాలి. షిఫ్టు అయిపోగానే డబ్బా కడగాలి. తెగులు వచ్చిన ఏడాది పెట్టుకున్న రూలిది. ఆ ఏడాది ఒక్క ప్రోగ్రాముకి పట్టిన తెగులు మా పాత లినక్స్ యంత్రమంతా పాకిపోయింది. మంచినీళ్ళ ప్లాంటు ఆగిపోయి, నడిసముద్రంలో టార్పాలిన్లు పరుచుకుని వాన కోసం చూస్తూ కూర్చున్నాం. అందుకే కడగడం మీద ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేదు. కడిగాక అన్నీ మొదటినుంచి చెప్పుకురావాల్సి వస్తోందనే వాళ్ళ బాధంతా.

"ఏవండీ తాయారుగారూ, ఐసు ఎంత చల్లగా ఉండాలో మా తాత కాలం నించీ నా హోమ్‌లో రాసుందండి. రోజూ పొద్దున్నే ఆ డబ్బాకి మళ్ళీ ఓనమాలు దిద్దించాలంటే నేను ఐసు గంగుల్నా, బళ్ళో మేష్టార్నా?" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ నడిపే గంగులు, యంత్రాల గది గుమ్మంలో నిలబడి.

అతనన్నది నిజమే. ఊళ్ళో ప్రతి మనిషికీ పెద్ద యంత్రంలో ఒక హోమ్ డైరెక్టరీ ఉంది. తన పనికి కావలసిన అమరికలు, తను రాసుకున్నవి, ఫోటోలు, పాటలు అన్నీ అందులోనే ఉంటాయి. కానీ డబ్బా లోపలికి వెళ్తే హోమ్ కనబడదు. డబ్బాకి బయటి ప్రపంచం ఏదీ కనబడకూడదనే కదా దాన్ని బిగించి పెట్టుకున్నాం!

గంగులు బాధ నవ్వుకోదగ్గది. ఎస్తేరు బాధ అలాంటిది కాదు.

మా ఊరు తెప్పల మీద తేలుతూ, సముద్రం అడుగుకి మోకులతో కట్టిన ఊరు. అలలూ గాలీ ఎటు లాగితే దాన్నిబట్టి మోటార్లతో కొన్ని మోకులు బిగించాలి, కొన్ని వదలాలి. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన కరుణమ్మ గారు కిందటి వేసవిలో పోయారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఆవిడ కూతురు ఎస్తేరు కూర్చుంటోంది. ఏ మోకు స్వభావం ఏమిటో, ఏది మెల్లగా పట్టుకుంటుందో, దేన్ని ఎక్కువ లాగితే మొరాయిస్తుందో కరుణమ్మ గారు బిగువు ఫైళ్ళుగా రాసిపెట్టుకున్నారు. అవన్నీ ఆవిడ హోమ్‌లో ఉన్నాయి. ఎస్తేరు మాత్రం రోజూ డబ్బా బయట వాటిని చూసి, లోపలికి వెళ్ళి ఒక్కొక్కటే మళ్ళీ టైపు కొట్టుకోవాలి. ఆషాఢంలో ఈదురుగాలి వచ్చినప్పుడు ఆ పిల్ల అలా కొట్టుకుంటూ ఉండగానే ఉత్తరాన ఒక మోకు, దక్షిణాన ఒక మోకు తెగిపోయాయి. బడి ఉన్న తెప్ప విడిపోయి తేలిపోతే పడవలేసుకుని వెళ్ళి పట్టుకొచ్చాం. బళ్ళో ఎవరూ లేని రోజు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం ప్రెసిడెంటు పేర్రాజు గారు కబురు పెట్టారు.

"ఒడ్డువాళ్ళు మళ్ళీ అడుగుతున్నారండి. మీ మోకులు మాకప్పగించండి, ఇక్కణ్ణించి మేమే చూసుకుంటాం అంటున్నారు. తుఫాన్ల కాలం వచ్చేలోగా మన పద్ధతి మారకపోతే ఇంక నేను కాదన్లేనండి. మీరు చదువుకున్నారు. ఆ హోమ్‌లేవో డబ్బాల్లో కనబడేలా చెయ్యగలరా, లేదా?"

ఒడ్డువాళ్ళకి మోకులు అప్పగించిన ఊరు మాకు పక్కనే ఒకటుండేది. మొదటి తుఫాను హెచ్చరికకే దాన్ని విప్పి రేవుకి లాక్కెళ్ళారు. జాగ్రత్త కోసమే అన్నారు. ఆ తెప్పలు ఇప్పటికీ రేవులోనే ఉన్నాయి, గోడౌన్లయిపోయి. ఆ ఊరివాళ్ళు ఒడ్డున తలో పేటలో సర్దుకున్నారు.

"చేస్తానండి" అన్నాను. బయటికి వచ్చాక ఎందుకన్నానా అనిపించింది. చెయ్యలేక కాదు. డబ్బాకి కిటికీ ఎవరైనా పెట్టగలరు. ఆ కిటికీలోంచి తెగులు వస్తే ఆ పాపం ఎవరిది?


హస్త కార్తె, మధ్యలో

ఎన్ని రకాలుగా ఆలోచించినా ప్రతిదానికీ ఒక భయం అంటుకునే వస్తోంది.

అన్నిటికంటే సులువైన దారి ఊరివాళ్ళ హోమ్‌లన్నీ ఉన్న పెద్ద డైరెక్టరీని తీసుకెళ్ళి ప్రతి డబ్బాలోనూ తగిలించెయ్యడం. ఒడ్డున యూనివర్సిటీలో మాకు నేర్పిన పాత పాఠాల్లో అలాగే ఉండేది. కానీ అలా చేస్తే గంగులు డబ్బాకి పట్టిన తెగులు నిమిషాల మీద కరుణమ్మ గారి ఫైళ్ళ దాకా వెళ్ళిపోతుంది.

అందుకని ఎవరి డబ్బాలో వాళ్ళ హోమ్ ఒక్కటే ఉండేలా, పక్కవాడిది ఉన్నట్టు కూడా తెలియకుండా ఏర్పాటు చేశాను. ఆ హోమ్ కూడా అందులో ఉన్న ఫైలేదో పేరు పెట్టి అడిగితేగానీ తెరుచుకోదు, అప్పటిదాకా ఆ చోటు ఖాళీగానే కనబడుతుంది. ఇంకో కట్టడి కూడా పెట్టాను. హోమ్‌లో ఉన్నది చదవచ్చు, రాయచ్చు కానీ అక్కడ ఉన్న ఏ ప్రోగ్రామూ నడవదు. తెగులు అంటే ప్రోగ్రామే కదా. అది వచ్చి హోమ్‌లో పడుకున్నా లేచి నడవలేదు.

దీని మీద గంగులుతో పెద్ద తగువే అయింది. ఐసు గడ్డ కట్టగానే పాట పాడే ప్రోగ్రాము ఒకటి అతని హోమ్‌లో ఉంది.

"పాట ఆపేశారేంటండీ?"

"ప్రోగ్రాములు నడవవు గంగులూ. ఫైళ్ళు మటుకే."

"పాట లేకపోతే ఐసు కట్టిందని నాకెలా తెలుస్తుందండీ?"

"చెయ్యి పెట్టి చూడు."

"చదువుకున్నోళ్ళు చెప్పే మాటేనా అండీ ఇది? చెయ్యి పెట్టి చూడ్డానికైతే యంత్రం ఎందుకండీ నాకు!" అని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఆ కట్టడి తీసేద్దామా అని గంటసేపు ఊగిసలాడాను. మనిషికి ఉన్న చిన్న సరదాని నా భయం కోసం తీసేస్తున్నానేమో. చివరికి తియ్యలేదు. సరైన పనే చేశానో, పంతం పట్టానో ఈ రోజువారీ లాగ్‌లో తేల్చలేను.


చిత్త కార్తె, మొదటి వారం

ఇవాళ ఎస్తేరు డబ్బాలో మొదటిసారి హోమ్ తెరిచాం. పేర్రాజు గారు కూడా వచ్చి కూర్చున్నారు. కరుణమ్మ గారు పోయాక ఆవిడ హోమ్‌ని మా ఊరి పద్ధతి ప్రకారం ఎస్తేరుకి అప్పగించారు కాబట్టి ఎస్తేరు హోమ్‌లోనే అమ్మ ఫైళ్ళన్నీ ఒక పక్కన ఉన్నాయి.

పేరు పెట్టి అడగ్గానే డబ్బాలో హోమ్ కనబడింది. ఫైళ్ళ పేర్లూ కనబడ్డాయి. నేను ఊపిరి పీల్చుకునే లోపే ఎస్తేరు తెర మీదికి వంగింది.

"అక్కా, ఇదేంటిలా ఉంది?"

ప్రతి ఫైలు పక్కనా అది ఎవరిదో చూపించే చోటుంటుంది. ఎస్తేరు రాసుకున్న వాటి పక్కన ఎస్తేరు అని ఉంది. బిగువు ఫైళ్ళ పక్కన, కరుణమ్మ అని ఉండాల్సిన చోట, వరసగా పైనించి కిందిదాకా "ఎవరూ కాదు" అని ఉంది. దేన్ని తెరవబోయినా అనుమతి లేదంటోంది.

"ముప్పై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చుంది. ఎవరూ కాదంటుందేంటక్కా మా అమ్మని?" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

జరిగింది నాకు వెంటనే అర్థమైంది. యంత్రానికి మనిషి పేరు తెలియదు, నంబరే తెలుసు. డబ్బా లోపలికి నేను ఎస్తేరు నంబరు ఒక్కటే పంపించాను. తనకి చెప్పని ప్రతి నంబరునీ డబ్బా "ఎవరూ కాదు" కిందే కట్టేస్తుంది. ఒడ్డున అయితే ఇది ఎవరికీ తట్టే సంగతే కాదు. అక్కడ మనిషి పోతే కొన్నాళ్ళకి హోమ్ తుడిచేస్తారు, నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మోకులంకలో అలా కాదు. పోయినవాళ్ళ హోమ్ వారసుడి చేతికి వస్తుంది కానీ, వాళ్ళు చేసిన దాని మీద వాళ్ళ నంబరు అలాగే ఉంటుంది. దాన్ని మార్చం. గంగులు హోమ్‌లో తాత ఉన్నాడు. నా హోమ్‌లో మా నాన్న ఉన్నారు. ఇదే ఊళ్ళో పుట్టి పెరిగి, పని దగ్గరికి వచ్చేసరికి ఒడ్డుదానిలా ఆలోచించాను. ఒక హోమ్‌కి ఒకటే నంబరు అనుకున్నాను.

పేర్రాజు గారు మెల్లగా లేచారు. "చిత్త వెళ్ళేలోగా తేల్చండి" అన్నారు. 'మీ వల్ల కాదేమో' అని ఆయన పైకి అనలేదు.


చిత్త కార్తె, చివర

పంచాయతీలో కూర్చున్నాం. సులువైన మందు నేనే చెప్పాను. వారసుల హోమ్‌ల్లో ఉన్న పెద్దవాళ్ళ ఫైళ్ళన్నిటికీ వారసుల నంబరే వేసెయ్యడం. ఒక్క కమాండు, ఒక్క పూట పని.

"ఆయ్, బాగుందండి. కానిచ్చెయ్యండి మరి" అన్నారు పేర్రాజు గారు.

"బాగుందంటారేంటండీ?" గంగులు లేచాడు. "మా తాత కష్టపడి కనిపెట్టిన ఐసు లెక్క మీద నా పేరెయ్యమంటారా? రేపు పైకెళ్ళాక ఆయన నా చెవి మెలిపెడితే ప్రెసిడెంటుగారు వచ్చి ఆపుతారా?"

జనం నవ్వారు కానీ ఎవరూ ఒప్పుకోలేదు. ఎస్తేరు చివర్లో మాట్లాడింది.

"నేను రాసింది కాదుగా అక్కా. నా పేరెలా పెడతావు? పెట్టాక రేపు మోకు తెగితే తప్పు అమ్మదా, నాదా? తెగకపోతే గొప్ప ఎవరిది?"

"పోనీ అమ్మ నంబరు కూడా డబ్బాలోకి పంపించనా? అప్పుడు అమ్మ పేరే కనబడుతుంది. అమ్మ అయినట్టే రాసుకోవచ్చు నువ్వు."

"చచ్చిపోయినావిడ సంతకం నేను పెట్టాలా?" అంది. ఆ మాటతో ఆ దారీ మూసుకుపోయింది. నిజానికి నాకూ అది ఇష్టం లేదు. కరుణమ్మ గారి ఫైళ్ళు కొన్ని ఎస్తేరు అన్నయ్యకీ వచ్చాయి, అతని హోమ్‌లోనూ అదే నంబరు ఉంది. ఆ నంబరు డబ్బాలోకి వెళ్తే తెగులుకి ఇంకో తలుపు తెరిచినట్టే.

సభ తేలకుండానే లేచిపోయింది. ఎస్తేరూ నేనూ బజారు తెప్ప మీదుగా నడుస్తున్నాం. తను టైలరు దగ్గర ఆగి జాకెట్టు తీసుకుంది.

"ఆది ఎవరిదిచ్చావు? నీకిది వదులుగా ఉన్నట్టుందే" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అమ్మదే ఇచ్చానక్కా. చేతులు మటుకు పొడుగు పెట్టమన్నా."

"అమ్మది పాడుచెయ్యలేదు కదా వాడు?"

"ఆది జాకెట్టుని ఎవరైనా కత్తిరిస్తారా? దాన్ని చూసి కొత్త గుడ్డ కత్తిరిస్తారు గానీ" అని నవ్వింది నన్ను చూసి.

నేను అక్కడే ఆగిపోయాను. ఎస్తేరు ముందుకెళ్ళిపోయి వెనక్కి చూసింది. "ఏంటక్కా, కాలు మడతపడిందా?" అంది. లేదన్నాను. గదికి వచ్చి పని మొదలుపెట్టాను.

కరుణమ్మ గారి ఫైళ్ళని అడుగున పరిచాను. డబ్బాలోంచి ఎస్తేరు వాటిని చదవగలదు, ఒక్క గీత కూడా మార్చడానికి వీల్లేదు. వాటి మీద ఎస్తేరు పేరుతో ఖాళీ పొర ఒకటి పరిచాను. పైనించి చూసేవాళ్ళకి రెండూ కలిసి ఒక్కటిగానే కనబడతాయి. ఎస్తేరు ఏదైనా మార్చిందనుకోండి, మార్చిన కాపీ పై పొరలో పడుతుంది, ఎస్తేరు పేరుతో. అమ్మ రాసింది కింద అమ్మ పేరుతో అలాగే ఉంటుంది. ఆ పై పొరని డబ్బాలో కాక బయట, ఎస్తేరు హోమ్‌లోనే ఉంచాను. డబ్బా కడిగినా అది పోకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టినదేం కాదు. ఇలా పొరలు పరిచే పద్ధతి పాత యంత్రాల్లో ఎప్పణ్ణించో ఉంది. దాన్ని పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ మధ్య పరచడమే మా ఊరికి కావలసి వచ్చింది.


స్వాతి కార్తె

పేర్ల దగ్గర కూడా చిక్కు తీరింది. డబ్బాలో ఇప్పుడు బిగువు ఫైళ్ళ పక్కన కరుణమ్మ అనే కనబడుతోంది. పేరు మటుకే డబ్బాకి చెప్పాను, ఆ పేరుతో రాయడం మాత్రం కుదరదు. ఎస్తేరు అది చూసింది. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని పని మొదలుపెట్టింది. షిఫ్టు అయ్యాక డబ్బా కడిగాను, మర్నాడు కొత్త డబ్బా తెరిచింది, అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా మళ్ళీ కొట్టనక్కర్లేకపోయింది.

ఊరంతా ఇలాగే మారింది. గంగులు తాత లెక్క రోజూ తనంతట తానే డబ్బాలోకి వస్తోంది. "పాట ఒక్కటే లోటండి" అంటున్నాడు. మంచినీళ్ళ ప్లాంటు వాళ్ళు వచ్చి నాకు పులస కూర ఇచ్చి వెళ్ళారు. ఒడ్డునించి ఎలాగో తెప్పించి ఉంటారు, మా దగ్గర పులస దొరకదు, దాని కాలం కూడా దాటిపోయింది. గర్వంగా ఉంది అని రాయడానికి నాకు మొహమాటం. కానీ ఉంది. రాసేశాను.

ఒక్క విషయమే నన్ను తొలుస్తోంది. ఎస్తేరు పై పొర చూస్తే ఖాళీగా ఉంది. ఒక్క ఫైలు కూడా మార్చలేదు. ఆషాఢంలో తెగిన రెండు మోకుల చోట కొత్తవి వేశారు. పాతవి బిర్రుగా ఉండే రకం, కొత్తవి సాగే రకం. వాటికి కూడా కరుణమ్మ గారి పాత బిగువే నడుపుతోంది.

"కొత్త మోకులకి సరిపోతుందా ఎస్తేరూ?" అని అడిగాను.

"అమ్మకి తెలీకుండా ఏముంటుందక్కా?"

"అమ్మ ఈ మోకుల్ని చూడలేదు కదా."

తను తెర వైపు తిరిగి పాత బిగువు ఫైలే తెరిచింది. నేను రెట్టించలేదు. మార్చుకోవడానికి వీలు చేసిపెట్టడమే నా పని, మార్చమని చెప్పడం కాదు. అని నాకు నేను చెప్పుకున్నాను. ఇదంతా చేసి, అమ్మ రాసిందాన్ని ముట్టుకోడానికి భయపడేలా చేశానేమో ఆ పిల్లని. పేర్లు అంత స్పష్టంగా చూపించకుండా ఉండాల్సిందేమో.


విశాఖ కార్తె, తుఫాను రోజు

ఇది మర్నాడు కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారేసరికి ఉత్తరపు గాలి అందుకుంది. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ నడి తెప్ప మీదికి చేర్చాం. మోకుల గదిలో ఎస్తేరు, పేర్రాజు గారు, నేను ఉన్నాం. రేడియోలో ఒడ్డువాళ్ళు గంట గంటకీ పలకరిస్తూనే ఉన్నారు. ఇప్పటికైనా అప్పగించండి, మేం విప్పి లాక్కొస్తాం అని. పేర్రాజు గారు ప్రతిసారీ ఎస్తేరు వైపు చూసి, "ఇంకా చూస్తున్నామండి" అని చెబుతున్నారు.

మొదట కరుణమ్మ గారి బిగువు ఊరిని చక్కగా నిలబెట్టింది. పాత మోకులన్నీ ఆవిడ చెప్పినట్టే విన్నాయి. గాలి ముదిరాక ఉత్తరాన కొత్త మోకు సాగడం మొదలెట్టింది. అది సాగిన కొద్దీ దాని వంతు బరువు పక్కనున్న రెండు పాత మోకుల మీద పడింది. గదిలో గోడలు కీచుమన్నాయి.

"అమ్మా, మార్చమ్మా ఏదో ఒకటి!" అన్నారు పేర్రాజు గారు. ఆయన 'అండి' మర్చిపోవడం నేను వినడం అదే మొదటిసారి.

ఎస్తేరు చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, కదలడం లేదు. తెర మీద కొత్త మోకు ఫైలు తెరిచి ఉంది, పక్కన కరుణమ్మ అని.

నేను దగ్గరికి వెళ్ళాను. "నువ్వు రాస్తే అమ్మది పోదు. కిందే ఉంటుంది" అన్నాను.

"తెలుసక్కా. తప్పు రాస్తేనో?"

"రాస్తే నీ పేరే ఉంటుంది. తప్పూ నీదే."

అలా ఎందుకన్నానో నాకు తెలియదు. ఓదార్చాల్సిన సమయం అది. కానీ తను తల ఊపింది, ఆ మాట కోసమే ఆగినట్టు. రాయడం మొదలుపెట్టింది. కొత్త మోకుని ముందుగానే లాగాలి, పక్కవాటిని కొంచెం వదలాలి, సాగడం ఆగాక మళ్ళీ అందుకోవాలి. రాస్తోంది, చూస్తోంది, చెరిపి మళ్ళీ రాస్తోంది. కీచుమనడం ఆగింది. ఉత్తరాన నేర్చుకున్నది దక్షిణాన ఉన్న కొత్త మోకుకి కూడా రాసిపెట్టింది. "గాలి తిరిగితే బరువంతా అటే కదా" అంది.

మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా పడిపోయింది. తుఫాను కన్ను మా మీదికి వచ్చింది. ఎండ కూడా కాసింది. కాసేపట్లో దక్షిణపు గాలి మొదలవుతుంది, ముందుకంటే గట్టిగా.

అప్పుడే డబ్బా నెమ్మదించింది. ఎస్తేరు మీట నొక్కితే మోటారు ఆలస్యంగా కదులుతోంది. చూశాను. గాలి లెక్కల కోసం ఒడ్డునించి డబ్బాలోకి తెచ్చుకునే వాతావరణం కబుర్లతోపాటు ఏదో ప్రోగ్రాము జొరబడింది. తనని తాను కాపీలు చేసుకుంటోంది. తెగులు.

"కడగాలి" అన్నాను.

"ఇప్పుడా?" పేర్రాజు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ పిల్ల రాసిందంతా పోతే? వాళ్ళమ్మ బిగువుతో దక్షిణపు మోకులు నిలబడవండి. మీరే చూశారు కదా. ఈ ఒక్కపూటా ఇలాగే లాగిద్దాం."

"ఇలాగే లాగితే గాలి మధ్యలో డబ్బా ఆగిపోతుందండి."

ఎస్తేరు నా వైపు చూసింది. "నేను రాసింది ఉంటుందా అక్కా?"

ఉంటుంది అని వెంటనే అనాలి. పై పొర బయట ఉంది, అందులో ఫైళ్ళే తప్ప నడిచేదేదీ లేదు. తెగులు అక్కడికి వెళ్ళినా లేవలేదు. స్వాతి కార్తె అంతా రోజూ పరీక్ష చేసిందే. కానీ ఖాళీ పొరతో పరీక్ష చేశాను. ఎవరూ ఏమీ రాయని పొర కడిగాక నిలబడటం ఏం గొప్ప? నేను ఒక్క నిమిషం బయటినించి ఆ పొర తెరిచి చూశాను. రెండు ఫైళ్ళున్నాయి, రెండూ ఎస్తేరువే. ఇంకేమీ లేదు.

"ఉంటుంది" అన్నాను. కడిగేశాను.

మోకుల గది తెర నల్లబడింది. మోటార్లు ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుని ఆగిపోయాయి. కొత్త డబ్బా లేచింది. హోమ్ ఉండాల్సిన చోట చూశాను. ఖాళీ. ఒక్క పేరు కూడా లేదు. పేర్రాజు గారు రేడియో వైపు నడిచారు.

"జరగక్కా" అని ఎస్తేరు కుర్చీలో కూర్చుని, దక్షిణం కొత్త మోకు పేరు కొట్టింది. ఫైలు తెరుచుకుంది. తను పొద్దున రాసింది రాసినట్టే, పక్కన తన పేరుతో. పేరు పెట్టి అడిగితేగానీ తెరుచుకోకుండా కట్టింది నేనే. ఆ గాభరాలో నా కట్టడి నాకే గుర్తు రాలేదు. తను మిగిలిన మోకుల్ని కూడా ఒక్కొక్కటే పేరుతో పిలిచింది. ఒక్కొక్కటే వచ్చాయి. పాతవి అమ్మవి, కొత్తవి తనవి.

దక్షిణాన సముద్రం నల్లగా లేస్తోంది. ఊరు కిందినించి చిన్నగా ఒరిగింది. రేడియో మళ్ళీ పలికింది.

"మోకులంకా, వింటున్నారా? రెండో గాలి వస్తోంది. ఇదే ఆఖరిసారి అడగడం. మీ మోకులు మేం తీసుకోమంటారా?"

పేర్రాజు గారు మైకు పట్టుకుని నిలబడ్డారు. దాన్ని ఎస్తేరు నోటి దగ్గర పెట్టారు.

ఎస్తేరు తెర మీదినించి కళ్ళు తిప్పలేదు. ఒక చేత్తో దక్షిణపు కొత్త మోకుని లాగుతోంది, ఇంకో చేత్తో దాని పక్కవాటిని వదులుతోంది.

"వద్దండి" అంది. "మోకులు నా చేతిలో ఉన్నాయి. గాలి తగ్గాక మాట్లాడదాం."